బాబెలు గోపురము – మన పిల్లల కంప్యూటర్ కొలువు

వేములవాడ, సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ప్రాంతపు సంఘములలో ఒకప్పుడు ప్రార్థన మనవులు చెప్పమంటే దుబాయి వీసా గురించో, భీవండి సాంచాల మీద పనికి పోయిన కుమారుని గురించో చెప్పేవారు. ఆ మనవులు ఇప్పటికీ ఉన్నాయి. వాటి పక్కన కొత్తవి చేరాయి. "మా అబ్బాయికి ప్రాజెక్టు దొరకాలి", "మా అమ్మాయికి రాత్రి డ్యూటీ తప్పాలి", "మేనేజరు మనసు మెత్తబడాలి" అంటున్నారు. సంఘమంతా ఆమేన్ అంటుంది గాని, ప్రాజెక్టు అంటే ఏమిటో, ఆ మేనేజరు మనసుకు ఏమైందో మనలో చాలామందికి తెలియదు.

2020లో కరోనా వల్ల లాక్‌డౌన్ వచ్చి, పిల్లలు ల్యాప్‌టాప్‌లు పట్టుకొని ఇళ్లకు చేరినప్పుడు తల్లిదండ్రులు ఆ పనిని మొదటిసారి కళ్లారా చూశారు. చూసినా అర్థం కాలేదు. "తలుపు వేసుకొని గంటల కొద్దీ ఇంగ్లీషులో మాట్లాడుతనే ఉంటడు, అన్నం చల్లారిపోతది. మరి పని ఎప్పుడు చేస్తడు?" అని ఒక తల్లి మమ్మల్ని అడిగింది. ఆ ప్రశ్న చిన్నదేమీ కాదు. ఆ కొలువులోని కష్టమంతా అందులోనే ఉంది.

సాఫ్ట్‌వేర్ ఒక్కడు కూర్చొని వ్రాసేది కాదు. బ్యాంకు వారికి ఒక ప్రోగ్రాము కావాలంటే, వారికి ఏమి కావాలో అడిగి తెలుసుకొనేవారు ఒకరు, తెర మీద కనిపించే భాగం వ్రాసేవారు ఒకరు, లెక్కలు భద్రపరచే భాగం వ్రాసేవారు మరొకరు, అంతా సరిగా నడుస్తుందో లేదో పరీక్షించేవారు ఇంకొకరు. ఒకరి భాగం ఇంకొకరి భాగంతో కలవాలి. కలవాలంటే మాట్లాడుకోవాలి. కాబట్టి ఆ తల్లి విన్న మాటలు పనిలో సగభాగమే.

ఈ సంగతిని అందరికంటె బాగా చెప్పినవాడు ఫ్రెడరిక్ బ్రూక్స్ అనే అమెరికా దేశస్థుడు. 1964లో ఐబీఎం కంపెనీ సిస్టం 360 అనే పెద్ద కంప్యూటర్ల వరుసను ప్రకటించింది. దానిని నడిపించే ప్రోగ్రాముల పని ఆయన చేతి మీద సాగింది. ఆ పని బాగా ఆలస్యమైంది. తరువాత ఆయన విశ్వవిద్యాలయంలో ఆచార్యుడై, ఆ అనుభవమంతా 1975లో ఒక పుస్తకంగా ప్రచురించాడు. పాఠకులు సంతోషించే విషయం ఒకటున్నది. బ్రూక్స్ విశ్వాసి. ఆ పుస్తకంలో ఒక అధ్యాయమంతా ఆదికాండము 11వ అధ్యాయములోని బాబెలు గోపురము మీదనే వ్రాశాడు. 2022లో ఆయన మరణించాడు. ఆ పుస్తకాన్ని ఈ రంగంలోనివారు నేటికీ చదువుతూనే ఉన్నారు.

శీనారు మైదానములో ఆ మనుష్యులకు లోటేమిటి అని బ్రూక్స్ అడుగుతాడు. ఏమి కట్టాలో వారికి స్పష్టంగా తెలుసు. మనుష్యులు సమృద్ధిగా ఉన్నారు. ఇటుకలున్నాయి, మట్టికీలు ఉంది, తొందరపెట్టే గడువు కూడా లేదు. ఒకరి మాట ఒకరికి తెలియకుండా పోయింది, పని ఆగిపోయింది. మనము ఆ అధ్యాయములో మనుష్యుల గర్వాన్ని, దేవుని తీర్పును చూస్తాము. అది సరియే. అయితే తీర్పు ఏ రూపంలో వచ్చిందో బ్రూక్స్ గమనించాడు. పిడుగు పడలేదు, భూకంపము రాలేదు. మాట తెగిపోయింది, అంతే.

ఆయన చూపిన లెక్క మన ఇంటి పిల్లలకు కూడా చేయవచ్చును. ముగ్గురు కలిసి పనిచేస్తే వారి మధ్య మూడు జతలు. పదిమంది అయితే 45 జతలు. ఇరవైమంది అయితే 190. ప్రతి జత మధ్య మాట సరిగా నడవాలి. అందుకే ఆలస్యమైన పనికి కొత్తవారిని చేర్చితే అది ఇంకా ఆలస్యమవుతుందని ఆయన తేల్చాడు. పాతవారు తమ పని మాని కొత్తవారికి నేర్పాలి గదా! తొమ్మిది నెలల కాన్పును తొమ్మిదిమంది స్త్రీలు కలిసి ఒక నెలలో చేయలేరని ఆయన ఇచ్చిన పోలిక మన పల్లెల మంత్రసానులకు చెబితే, దానికి పుస్తకం ఎందుకని నవ్వుతారు. అయినా పెద్ద కంపెనీలలో నేటికీ ఇదే పొరపాటు జరుగుతూ ఉంటుంది. దాని బరువు మన పిల్లల నిద్ర మీద పడుతుంది.

ఇక మన ప్రాంతపు యౌవనస్థులకు ప్రత్యేకంగా ఉన్న కష్టము ఒకటి. మేము మాట్లాడిన వారిలో చాలామంది ఇదే చెప్పారు. తెలుగు మీడియంలో చదివి, అమీర్‌పేటలో కోర్సు నేర్చుకొని, మాదాపూర్‌లో కొలువు సంపాదించుకొన్న అబ్బాయిని ఉదయం కూటములో "ఇది గురువారానికి అవుతుందా?" అని అడుగుతారు. కాదని అతనికి తెలుసు. అయినా "సరే సార్" అంటాడు. పెద్దవారికి ఎదురు చెప్పకూడదని మనమే నేర్పాము. పైగా కాదంటే ఎందుకు కాదో ఇంగ్లీషులో వివరించాలి, ఆ భయమొకటి. బుధవారం రాత్రి వరకు ఎవరికీ చెప్పడు. గురువారం అందరి ముందర మాట పడతాడు.

సిరిసిల్లలో సాంచా నడిపేవారిని అడిగి చూడండి. పడుగులో పోగు తెగితే ఏమి చేస్తారు? సాంచా ఆపి, ముడివేసి, మళ్లీ నడుపుతారు. చూడనట్లు ఊరుకుంటే ఆ లోపం గుడ్డ పొడవునా పోతుంది, గుడ్డంతా నేశాక ఎవరూ దానిని సరిచేయలేరు. ఆ అబ్బాయి తండ్రి ఏ ఆసామి దగ్గరో పనిచేసినవాడైతే ఈ సంగతి కొడుకు కంటె ఆయనకే బాగా తెలుసు. "ఇది గురువారానికి కాదు సార్, సోమవారం అవుతుంది, కారణం ఇది" అని మొదటి రోజే చెప్పడం ఎదిరించడం కాదు. గోపురం కట్టదలచినవాడు ముందుగా కూర్చొని ఖర్చు లెక్క చూసుకోవాలని లూకా 14వ అధ్యాయములో ప్రభువు చెప్పిన ఉపమానము వారికి తెలిసినదే. ఇంగ్లీషు రాకపోతే రెండు వాక్యాలు కాగితం మీద వ్రాసుకొని చదివినా తప్పులేదు.

కానిదానిని అయిందని చెప్పడం ఎంత దూరం పోతుందో మన తెలుగువారు 2009 జనవరి 7న చూశారు. హైదరాబాదులో 1987లో మొదలైన సత్యం కంప్యూటర్స్ అధిపతి ఆ రోజున ఉత్తరం వ్రాసి, ఖాతాలలో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవని ఒప్పుకొన్నాడు. మొదట తేడా కొద్దిగానే ఉండేదని, ఏటేటా పెరుగుతూ పోయిందని ఆ ఉత్తరంలోనే ఉంది. వేలాది ఉద్యోగులు ఏ తప్పూ చేయకుండానే ఆ నెలంతా జీతము వస్తుందో రాదో అని భయపడ్డారు.

ఇంకొక బాధ. ఒకరు వ్రాసినదానిని మరొకరు చదివి తప్పులు చూపించడం అక్కడ నియమము. చూపేది మంచికే. కాని కొందరు పదిమందికి కనబడేటట్లు పరిహాసముగా వ్రాస్తారు. కొత్తగా చేరిన పిల్లలు అది తమ పుట్టుకకు, తమ ఊరికి తగిలిందనుకొని కుంగిపోతారు. మత్తయి 18లో సహోదరుని తప్పును మొదట ఒంటరిగా అతనికే తెలియజేయుమని ఉన్న క్రమము ఆఫీసులో కూడా పనికి వస్తుంది. పరిహసించినవానిని విడిగా కలిసి మాట్లాడితే చాలాసార్లు అక్కడితో తీరిపోతుంది. తీరనప్పుడు పై అధికారికి చెప్పుకోవచ్చును, సహించి ఊరుకోవడమే క్రైస్తవ లక్షణమని మేము అనుకోము.

తల్లిదండ్రులకు ఒక మాట. ఫోను చేయగానే ప్యాకేజీ ఎంత, ఫలానావారి అబ్బాయి అమెరికా పోయాడు, నీ సంగతేమిటి అని అడగకండి. చేతిలో ప్రాజెక్టు లేకుండా కూర్చోబెట్టిన కాలాన్ని బెంచి అంటారు. జీతము వస్తూనే ఉంటుంది గాని, ఏ రోజు తీసివేస్తారోనన్న దిగులు పోదు. ఆ దిగులుతో ఉన్న బిడ్డ పండుగకు ఇంటికి రాకుండా తప్పించుకొంటాడు. కారణం చెప్పడు. తిన్నావా, నిద్రపోయావా, నీతో పనిచేసేవారు ఎలాంటివారు అని అడగండి. మూడవ ప్రశ్నకు చాలాసేపు మాట్లాడతాడు.

పిల్లలు ఇంటి నుండే పనిచేస్తున్న కుటుంబాలలో సాయంకాల ప్రార్థన వేళ గురించి తగాదాలు వస్తున్నాయని విన్నాము. దీనికి గడియారమే కారణము. అమెరికాలో నవంబరు మొదటి ఆదివారమున గడియారాన్ని ఒక గంట వెనుకకు, మార్చి రెండవ ఆదివారమున ఒక గంట ముందుకు తిప్పుతారు. న్యూయార్క్‌లో ఉదయం పది గంటల కూటము వేసవిలో మనకు రాత్రి 7:30కు వస్తే, చలికాలంలో 8:30కు వస్తుంది. నిన్నటి వరకు ఎనిమిదిన్నరకు కుటుంబ ప్రార్థనలో కూర్చున్న అమ్మాయి నవంబరులో లేచి వెళ్లిపోతే భక్తి తగ్గిందని అనకండి. ఆ నాలుగు నెలలు ప్రార్థనను ఏడు గంటలకు జరుపుకోవచ్చును.