శాంతి పార్టీకి యుద్ధ పరీక్ష

1999 మే 13న జర్మనీలోని బీలెఫెల్డ్ నగరంలో గ్రీన్స్ పార్టీ ప్రత్యేక మహాసభ గట్టి పోలీసు పహరా మధ్య జరిగింది. యుద్ధ వ్యతిరేక ప్రదర్శనల్లో పుట్టి పెరిగిన పార్టీ తన నిన్నటి మిత్రుల నుంచే రక్షణ కోసం పోలీసులను ఆశ్రయించవలసి వచ్చింది. వేదికపై ఉన్న విదేశాంగ మంత్రి జోష్కా ఫిషర్‌పైకి ఎర్రరంగు నింపిన సంచి దూసుకువచ్చింది. అది చెవికి తగిలి ఆయన కర్ణభేరి చిట్లింది. అయినా ఆయన ప్రసంగించారు. మళ్లీ యుద్ధం రాకూడదు, మళ్లీ ఆష్విట్జ్ జరగకూడదు అన్న రెండు సంకల్పాలతోనే తాను రాజకీయాల్లోకి వచ్చానని, ఆ రెండూ ఇప్పుడు ఒకదానికొకటి అడ్డుపడుతున్నాయని ఆయన వాదించారు. యుగోస్లావియాపై బాంబుదాడులను తక్షణం, శాశ్వతంగా నిలిపివేయాలన్న తీర్మానం వీగిపోయింది. నాయకత్వం ప్రతిపాదించిన తీర్మానం 444-318 ఓట్లతో నెగ్గింది. దాంతో బెర్లిన్‌కు తరలివెళ్లే సన్నాహాల్లో ఉన్న సంకీర్ణ ప్రభుత్వం బతికి బయటపడింది.

ఆ పార్టీ పుట్టుపూర్వోత్తరాలు ఎరిగినవారికి ఇది నమ్మశక్యం కాని పరిణామమే. 1980 జనవరిలో కార్ల్స్‌రూహెలో ఆవిర్భవించినప్పుడు దాని నాలుగు మూలసూత్రాలలో అహింస ఒకటి. పశ్చిమ జర్మనీ గడ్డపై అమెరికా పెర్షింగ్-2 క్షిపణులను మోహరించరాదంటూ లక్షలాది జనం వీధుల్లోకి వచ్చిన 1983లోనే అది 5.6 శాతం ఓట్లతో తొలిసారి పార్లమెంటులో అడుగుపెట్టింది. సైనిక కూటములే రద్దు కావాలన్నది అప్పటి దాని వాదన.

మార్పు ఒక్క రాత్రిలో వచ్చినది కాదు. 1995 జులైలో ఐక్యరాజ్యసమితి రక్షిత ప్రాంతంగా ప్రకటించిన స్రెబ్రెనిత్సాలో సుమారు 8,000 మంది బోస్నియా ముస్లిం పురుషులను, బాలురను సెర్బు సేనలు ఊచకోత కోశాయి. నిస్సహాయులు హతమవుతుంటే అహింసావాదం పేరిట చేతులు ముడుచుకు కూర్చోవడం సబబేనా అని ఫిషర్ తన పార్టీకి బహిరంగ లేఖ రాశారు. అప్పట్లో పార్టీలో అధిక సంఖ్యాకులు ఆయనతో ఏకీభవించలేదు.

వారిని ఒప్పించినది వాదన కన్నా అధికారమే అనాలి. 1998 సెప్టెంబరు ఎన్నికల్లో హెల్ముట్ కోల్ పదహారేళ్ల పాలన ముగిసింది. సోషల్ డెమొక్రాట్ నేత గెర్హార్డ్ ష్రోడర్ గ్రీన్స్‌తో చేయి కలిపారు. కొత్త ప్రభుత్వం ఇంకా కొలువుదీరనే లేదు, కొసోవోపై నాటో చర్యకు జర్మనీ సమ్మతి కావాలని వాషింగ్టన్ నుంచి ఒత్తిడి వచ్చింది. విదేశాలకు సైన్యాన్ని పంపాలంటే దిగువ సభ బుండెస్టాగ్ ఆమోదం తప్పనిసరి అని రాజ్యాంగ న్యాయస్థానం 1994 జులైలోనే తీర్పు చెప్పి ఉంది. కనుక 1998 అక్టోబరు 16న పాత సభనే సమావేశపరచి ఓటింగు నిర్వహించారు. 500 మంది అనుకూలంగా, 62 మంది వ్యతిరేకంగా ఓటేశారు. 1999 మార్చి 24న దాడులు మొదలయ్యాయి. భద్రతామండలి అనుమతి లేని ఆ దాడుల్లో, రెండో ప్రపంచ యుద్ధానంతరం తొలిసారిగా జర్మన్ యుద్ధవిమానాలు పాల్గొన్నాయి. అవి 78 రోజులు సాగాయి.

సంక్షోభం ముంచుకొచ్చినప్పుడు యూరప్ పార్టీల వైఖరిని ఎన్నికల ప్రణాళిక కన్నా సభలో అవి ఏ వైపు కూర్చున్నాయన్నదే తరచు తేలుస్తుంది. అదే 1999లో ఇటలీ ప్రధాని మాసిమో డి'అలెమా ఒకప్పటి కమ్యూనిస్టు నాయకుడు. నాటో విమానాలు ఆవియానో స్థావరం నుంచి ఎగిరినది ఆయన హయాంలోనే. ఆయన మంత్రివర్గంలోని కమ్యూనిస్టు భాగస్వాములు తప్పుకుంటామని హెచ్చరించారే గాని తప్పుకోలేదు. గ్రీసులో ప్రజాభిప్రాయం సెర్బుల పక్షాన ఉంది. సిమిటిస్ ప్రభుత్వం దాడుల్లో పాల్గొనలేదు, నాటోలో అడ్డుచెప్పనూ లేదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్న స్థితిని అది అలా దాటుకొచ్చింది. మనస్సాక్షికి పదవిని బలిపెట్టినవారూ లేకపోలేదు. గల్ఫ్ యుద్ధం సాగుతుండగా 1991 జనవరిలో ఫ్రాన్స్ రక్షణ మంత్రి షెవెన్‌మాఁ రాజీనామా చేశారు. ఇరాక్ దాడికి ముందు 2003 మార్చి 17న బ్రిటన్ మంత్రి రాబిన్ కుక్ కూడా అదే పని చేశారు. ఆ మర్నాడు 139 మంది సొంత సభ్యులు ఎదురుతిరిగినా టోనీ బ్లెయిర్ ప్రతిపక్ష కన్సర్వేటివ్‌ల అండతో 412-149 ఓట్లతో గట్టెక్కారు.

సంకీర్ణ గణితం ఎంత విచిత్రంగా ఉండగలదో 2001 నవంబరు 16న బుండెస్టాగ్‌లో కనిపించింది. అఫ్గానిస్థాన్ పోరులో సహకరించేందుకు 3,900 మంది వరకు సైనికులను పంపాలన్న ప్రతిపాదనకు ష్రోడర్ విశ్వాస తీర్మానాన్ని ముడిపెట్టారు. సైన్యాన్ని పంపాలని కోరుకున్న క్రిస్టియన్ డెమొక్రాట్లు ప్రభుత్వంపై విశ్వాసం లేదు కనుక వ్యతిరేకంగా ఓటేశారు. పంపరాదన్న గ్రీన్స్ సభ్యులు ఎనిమిది మందికి ప్రభుత్వం కూలడం ఇష్టం లేదు. వారు తమలో తాము లెక్క చూసుకొని నలుగురు ఇటు, నలుగురు అటు ఓటేశారు! కావలసిన ఓట్లు 334, వచ్చినవి 336. దాదాపు ఇరవై ఏళ్లు సాగి 2021లో ముగిసిన ఆ అఫ్గాన్ యాత్రలో 59 మంది జర్మన్ సైనికులు ప్రాణాలు కోల్పోయారు.

మరుసటి ఏడాదే అదే ప్రభుత్వం ఇరాక్‌పై యుద్ధానికి ససేమిరా అంది. ఆ నిరాకరణలో సూత్రబద్ధత లేదనలేము. కాని 2002 సెప్టెంబరులో ఎన్నికలున్నాయన్న సంగతినీ మరువలేము. సోషల్ డెమొక్రాట్లు దేశమంతటా కలిపి ఆరువేల పైచిలుకు ఓట్ల ఆధిక్యంతో మొదటి స్థానంలో నిలిచారు. గ్రీన్స్ బలం పెరిగింది.

ఈ ఓటింగు తతంగం వట్టి లాంఛనమని కొట్టివేయడం మాత్రం పొరపాటు. స్రెబ్రెనిత్సాలో తమ శాంతి సేనల వైఫల్యంపై విచారణ నివేదిక వెలువడగానే 2002 ఏప్రిల్‌లో డచ్ ప్రధాని విమ్ కోక్ మంత్రివర్గం మొత్తం రాజీనామా చేసింది. ఉరుజ్గాన్‌లో సైన్యాన్ని కొనసాగించే విషయమై 2010 ఫిబ్రవరిలో మరో డచ్ ప్రభుత్వం కూలింది. సిరియాపై దాడికి సమ్మతి కోరిన డేవిడ్ కామెరాన్‌ను 2013 ఆగస్టులో బ్రిటిష్ కామన్స్ సభ 285-272 ఓట్లతో తిప్పికొట్టింది. భారత రాజ్యాంగంలో ఇటువంటి ముందస్తు అనుమతి నిబంధన ఏదీ లేదు. 1987లో శ్రీలంకకు శాంతి పరిరక్షక దళం ప్రభుత్వ నిర్ణయం మీదనే వెళ్లింది. దాదాపు 1,200 మంది జవాన్లు అక్కడ నేలకొరిగారు.

గ్రీన్స్‌కు అసలైన అగ్నిపరీక్ష 2022లో ఎదురైంది. 2021 ఎన్నికల ప్రచారంలో, యుద్ధం జరిగే ప్రాంతాలకు ఆయుధాలు పంపరాదన్నది వారి గోడపత్రికల నినాదం. ఉక్రెయిన్‌కు ఆత్మరక్షణ ఆయుధాలు నిరాకరించడం కష్టమని ఆ ఏడాది మే నెలలో అన్నందుకు నాయకుడు రాబర్ట్ హాబెక్ సొంత పార్టీలోనే విమర్శల పాలయ్యారు. 2022 ఫిబ్రవరి 24న రష్యా సేనలు ఉక్రెయిన్‌పై దండెత్తిన రెండు రోజులకే, హాబెక్, అనలేనా బేర్‌బాక్ మంత్రులుగా ఉన్న ప్రభుత్వం ఉక్రెయిన్‌కు 1,000 ట్యాంకు విధ్వంసక ఆయుధాలు, 500 స్టింగర్ క్షిపణులు పంపాలని నిశ్చయించింది. ఆ మర్నాడు ఛాన్సలర్ ఓలాఫ్ షోల్జ్ సైన్యానికి 10,000 కోట్ల యూరోల ప్రత్యేక నిధిని ప్రకటించారు. ఆపై భారీ ఆయుధాల విషయమై షోల్జ్ మీనమేషాలు లెక్కిస్తుంటే, తొందరపెట్టినవారిలో ముందున్నది గ్రీన్స్ వామపక్షీయుడిగా పేరున్న ఆంటోన్ హోఫ్రైటర్! ఈసారి ఎవరూ రంగు సంచి విసరలేదు. ఏప్రిల్ 28న భారీ ఆయుధాల తీర్మానం 586-100తో నెగ్గింది.

మూల్యం ఇంధన రంగంలో చెల్లించవలసి వచ్చింది. ఆర్థిక వ్యవహారాలతో పాటు వాతావరణ పరిరక్షణ బాధ్యతా చూస్తున్న హాబెక్ గ్యాస్ కోసం కతార్ వెళ్లారు, మూతపడిన బొగ్గు విద్యుత్ కేంద్రాలను తిరిగి తెరిపించారు. అణు వ్యతిరేక ఉద్యమం నుంచి ఎదిగిన పార్టీ మిగిలిన మూడు అణు రియాక్టర్ల ఆయుష్షును 2023 ఏప్రిల్ 15 వరకు పొడిగించేందుకు తలవంచింది. ధనిక యూరప్ ద్రవ సహజవాయువును ఎంత ధరకైనా కొంటుంటే దాని సెగ దక్షిణాసియాకు తగిలింది. 2022లో బంగ్లాదేశ్ రోజువారీ విపణిలో గ్యాస్ కొనలేక కొనుగోళ్లు నిలిపివేసి విద్యుత్ కోతలు విధించింది. పాకిస్థాన్ పిలిచిన టెండర్లకు అమ్మకందారులే ముందుకు రాలేదు. ఢాకా చీకట్ల గురించి బెర్లిన్‌లో ఏ సంకీర్ణమూ ఓటింగు జరపలేదు.

2024 నవంబరులో షోల్జ్ ప్రభుత్వం కూలింది. ఉక్రెయిన్ సాయానికి నిధులు ఎక్కడి నుంచి తేవాలన్నది కూడా ఆ తగవులో భాగమే. 2025 ఫిబ్రవరి ఎన్నికల్లో 11.6 శాతం ఓట్లతో గ్రీన్స్ ప్రతిపక్షానికి చేరారు. అయితే కొత్త సభలో మూడింట రెండు వంతుల బలం కూడదని గ్రహించిన ఫ్రీడ్రిష్ మెర్జ్, రక్షణ వ్యయాన్ని రుణ పరిమితి నుంచి మినహాయించే రాజ్యాంగ సవరణను మార్చి 18న పాత సభలోనే పెట్టించారు. గ్రీన్స్ ఓట్లు లేనిదే అది నెగ్గదు. 50,000 కోట్ల యూరోల మౌలిక వసతుల నిధిలో 10,000 కోట్లు వాతావరణ పరిరక్షణకు కేటాయించాలని, ఉక్రెయిన్ వంటి దురాక్రమణ బాధిత దేశాలకు ఇచ్చే సాయాన్నీ మినహాయింపులో చేర్చాలని వారు బేరం పెట్టారు. బేరం కుదిరింది. 489 ఓట్లు కావలసి ఉండగా సవరణకు 512 పడ్డాయి.