మిల్లు ఆగిన దినమున

ఉదయము షిఫ్టు కూత కూయగానే నూలుమిల్లు గేటువద్ద కార్మికులు గుంపుగా చేరుదురు. గేటు తెరువగనే లోనికి నడచి ఎవరి యంత్రము వద్దకు వారు పోవుట నిత్యమును జరుగు పని. కాని ఒకానొక దినమున నోటీసు బోర్డు చుట్టును జనము మూగియుందురు. ప్రత్తి నిల్వలు అయిపోయినవనియో, విద్యుత్తు చాలదనియో, తయారైన సరకు అమ్ముడుపోక గిడ్డంగిలో పేరుకొనినదనియో, అందుచేత ఒక షిఫ్టు నిలిపివేయబడినదనియు బోర్డుపైనున్న కాగితము తెలుపును. దానిని చదివినవాడు ఇంటికి మరలుచు దారిపొడవునను లెక్క వేసికొనును. కిరాణాకొట్టులో బాకీ ఎంత? ఇంటి అద్దె ఎంత? పిల్లల చదువునకు కట్టవలసినదెంత?

ఈ సంకటములో విచిత్రమొకటి కలదు. పని చేయుటకు కార్మికుడు సిద్ధముగనే యున్నాడు. పని చేయించుటకు యజమానియు ఇష్టపడుచున్నాడు. తప్పు ఎవరిదియు కాదు. అయినను నష్టము వచ్చినది. ఆ నష్టమును ఎవరు ఎంత భరింపవలెను? యజమానులును కార్మికసంఘములును ఎదురెదుట కూర్చుండి వాదించుకొనిన ప్రశ్నలలో ఇది మిక్కిలి కఠినమైనది.

కార్మికులు తమంత తాము పని మానినచో అది సమ్మె. యజమాని కోపముతోనో పట్టుదలతోనో గేటు మూసినచో అది లాకౌటు. కార్మికుని అక్కరలేదని శాశ్వతముగ తొలగించినచో దానిని రిట్రెంచిమెంటు అందురు. పైన చెప్పినది ఈ మూడింటిలో ఏదియు కాదు. కార్మికుని పేరు మస్టరులో అట్లే యుండును, ఉద్యోగము పోలేదు, కాని నేటికి పని లేదు. దీనికి లే-ఆఫ్ అని పేరు. మాట ఇంగ్లీషుదే యైనను మిల్లు పేటలలో చదువురానివారు సైతము దాని నెరుగుదురు.

పూర్వము లే-ఆఫ్ నాటి వేతనమును గూర్చి దేశమంతటికిని వర్తించు నియమము లేకుండెను. పని లేదు గావున కూలియు లేదని యజమాని చెప్పుట వాడుక. 1953వ సంవత్సరమున దేశములోని బట్టలమిల్లులలో అమ్ముడుపోని సరకు మిక్కుటముగ పేరుకొనిపోయెను. షిఫ్టులు మూతపడునని, వేలకొలది కార్మికులు వీథిలో పడుదురని భయము కలిగెను. అప్పుడు కేంద్రమున కార్మికశాఖకు మంత్రిగానుండినది వరాహగిరి వేంకటగిరిగారు. బరంపురమున తెలుగు కుటుంబములో 1894లో జన్మించిన గిరిగారికి కార్మికుల కష్టములు పుస్తకములవలన తెలిసినవి కావు. 1928లో బెంగాలు నాగపూరు రైల్వే కార్మికుల సమ్మెను అహింసామార్గమున నడిపించినవారాయన. న్యాయస్థానపు తీర్పుకై ఎదురుచూచుటకంటె ఇరుపక్షములును మాటలాడుకొని ఒడంబడికకు వచ్చుట మేలని ఆయన నమ్మకము. ఆయన మంత్రిగానున్న కాలముననే, 1953 అక్టోబరు 24న, ఒక ఆర్డినెన్సు వెలువడెను. పిమ్మట పార్లమెంటు దానిని చట్టముగ చేసి, 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టములో ఒక అధ్యాయముగ చేర్చెను.

ఆ అధ్యాయము నష్టమును నడుమకు కోసినది. ఏబదిమందికి తక్కువ కాకుండ కార్మికులున్న చోట, ఒక సంవత్సరము ఎడతెగక పనిచేసిన కార్మికుని లే-ఆఫ్ చేసినచో, మూలవేతనములోను కరువుభత్యములోను సగము అతనికి చెల్లింపవలెను. వారపు సెలవులకు మాత్రము చెల్లింపనక్కరలేదు. పని లేనందున కార్మికుడు సగము పోగొట్టుకొనును. పని జరుగకున్నను యజమాని సగము చెల్లించును.

సగమనుట సులభమే, గేటువద్ద దానిని అమలుపరచుట కష్టము. లే-ఆఫ్ నాడు కార్మికుడు ఇంటియొద్ద పరుండి సొమ్ము కోరరాదు. రోజునకొక మారైనను నియమిత సమయమునకు వచ్చి మస్టరులో తన రాకను తెలుపుకొనవలెను. వచ్చిన రెండు గంటలలోపల పని ఈయనిచో అతడు ఆ దినమునకు లే-ఆఫ్ అయినట్లే. యజమాని, "ఇప్పుడు పోయి రెండవపూట రమ్ము" అని చెప్పవచ్చును. అట్లు చెప్పినచో మొదటిపూటకు మాత్రమే లే-ఆఫ్. రెండవపూట వచ్చినను పని లేకపోయినచో ఆ పూటకు సగము కాదు, పూర్తి వేతనమును భత్యమును ఈయవలెను! రమ్మని పిలిచి ఊరక నిలువబెట్టినందుకు అది మూల్యము. ఈ నియమమును కూర్చినవారు ఫ్యాక్టరీ గేటును చక్కగ నెరిగినవారని చెప్పక తప్పదు.

కార్మికునికిని కట్టుబాట్లు కలవు. అదే యజమానికి అదే ఊరిలోనో, ఐదు మైళ్ల లోపలనో వేరొక కర్మాగారముండి, క్రొత్త నైపుణ్యము అవసరము లేని పనిని అదే వేతనమునకు అచ్చట ఇచ్చినచో కాదనరాదు. ఆ కర్మాగారములోనే మరియొక భాగమువారు సమ్మె చేసినందువలన పని ఆగినచో సగము వేతనమును అడుగ వీలులేదు. ఒక సంవత్సరములో నలుబదియైదు దినములకు మించి లే-ఆఫ్ సాగినప్పుడు, ఇరుపక్షములకును ముందుగ ఒడంబడిక యున్నచో, ఆపైని దినములకు సొమ్ము రాదు. యజమాని అప్పుడు రిట్రెంచిమెంటునకు పూనుకొనవచ్చును. కనుకనే కార్మికసంఘపు నాయకులు లే-ఆఫ్ దినములను వేళ్లపై లెక్కించుచుందురు.

చట్టము ఇంతవరకు చెప్పి ఆగినది. ఎవరిని లే-ఆఫ్ చేయవలెను, ఏ వరుసలో చేయవలెను, అందరును సమముగ కష్టపడవలెనా అను విషయములు చాలవరకు బేరమునకే మిగిలినవి. సంఘమునకు నిజమైన పని ఇచ్చటనే కలదు.

ఒక ఉదాహరణము చూతము. ఒక మిల్లులో నాలుగువందలమంది కలరు. ఇన్నూరుమందికి మాత్రమే పని యున్నది. ఒక్కొక్కరికి మూలవేతనము, కరువుభత్యము కలిసి దినమునకు 600 రూపాయలు అనుకొందము. ఇన్నూరుమందిని నెల పొడుగునను ఆపివేసినచో, ఇరువదియారు పనిదినములకు పనిలోనున్నవానికి 15,600 రూపాయలు, ఆగినవానికి 7,800 రూపాయలు ముట్టును. అట్లుగాక సగముమంది ఒక వారము, మిగిలిన సగము మరియొక వారము వంతులవారీగ పనిచేసినచో ప్రతివానికిని 11,700 రూపాయలు వచ్చును. రెండు పద్ధతులలోను యజమాని చెల్లించు మొత్తము ఒక్కటే. పైగా వంతుల పద్ధతిలో ఒక్కొక్క కార్మికుని లే-ఆఫ్ దినములు సగము వేగముతో పెరుగును గనుక, నలుబదియైదు దినముల గడువు రెండింతల కాలము సాగును. అంతలో ప్రత్తి రావచ్చును. గిడ్డంగిలోని సరకు కదలవచ్చును.

అయినచో అందరును వంతుల పద్ధతినే కోరుదురా? కోరరు. నూలు తెగకుండ యంత్రమును నడుపగల అనుభవజ్ఞులను వారము విడిచి వారము ఇంటికి పంపుట యజమానికి ఇష్టముండదు. అడ్డు యజమానివైపునుండియే వచ్చుననుకొనరాదు. ఇరువది సంవత్సరములు పనిచేసిన కార్మికుడు, "నిన్న చేరినవానితో నేను సమముగ నష్టపోవుట ఎట్లు?" అని సంఘసమావేశములో లేచి అడుగును. రిట్రెంచిమెంటులో కడపట చేరినవాడు మొదట పోవలెనని చట్టమే చెప్పుచుండగా, లే-ఆఫ్‌లో ఆ వరుస ఏల పనికిరాదని అతని వాదము. క్రొత్తగ చేరినవాడు, "నా ఇంటను పొయ్యి వెలుగవలెను గదా" అనును. ఇద్దరి మాటయు న్యాయమే. యజమానితో బేరము కుదుర్చుటకంటె తమవారిని ఒప్పించుటయే సంఘనాయకునకు కష్టమగు దినము లుండును. ఇట్టి సమయమున పాత కార్మికులను ఒప్పించి వంతులు వేయించగల సంఘమే బలమైన సంఘము.

ఈ ఏర్పాటులన్నియు ఒక మిల్లునో, ఒక పరిశ్రమనో దృష్టియందుంచుకొని చేసినవి. 2012లో విద్యుత్తు కొరతవలన అప్పటి ఆంధ్రప్రదేశములో పరిశ్రమలకు పవర్ హాలిడేలు విధించినపుడును ఆగినవి పరిశ్రమలే; అంగళ్లు, రైళ్లు, పొలములు ఆగలేదు. 2020లో కోవిడ్ వ్యాపించినపుడు మార్చి 25 నుండి దేశమంతయు ఒక్కమారే ఆగినది. మార్చి 29న కేంద్ర హోంశాఖ ఒక ఉత్తర్వు వెలువరించి, మూతపడిన కాలమునకు ఎట్టి కోతయు లేకుండ వేతనము చెల్లింపవలెనని యజమానులను ఆదేశించెను. సగము అను పాత కొలతకు బదులు పూర్తి భారము యజమానిపై పడెను. ఆ సొమ్ము ఎచ్చటనుండి తేవలెనో ఆ ఉత్తర్వులో చెప్పబడలేదు. కొందరు యజమానులు సుప్రీంకోర్టు నాశ్రయించిరి. మే 18 నుండి ప్రభుత్వము ఉత్తర్వును ఉపసంహరించుకొనెను. ఉత్తర్వు అమలులోనుండిన దినములు ఏబది. ఆ ఏబది దినముల వేతనమును గూర్చి యజమానులును కార్మికులును మాటలాడుకొని పరిష్కారమునకు రావలెనని, కుదరనిచో కార్మికశాఖ అధికారులు రాజీకి ప్రయత్నింపవలెనని, అంతవరకు యజమానులపై కఠినచర్య తీసికొనరాదని జూన్ 12న కోర్టు చెప్పెను. చుట్టు తిరిగి విషయము మరల బేరపుబల్ల వద్దకే వచ్చినది. బలమైన సంఘమున్న చోట ఆ బల్లకు రెండువైపులను మనుష్యులుండిరి. సంఘము లేని చోట ఒకవైపు కుర్చీ ఖాళీ.

అదే మార్చి నెలలో ఐరోపాలోని డెన్మార్కు దేశమున వేరొక విధముగ జరిగెను. అచ్చటి ప్రభుత్వము, యజమానుల సమాఖ్య, కార్మికసంఘముల సమాఖ్య కొలదిదినములలోనే ఒక ఒడంబడిక చేసికొనెను. నెలజీతపు ఉద్యోగిని పనినుండి తొలగింపక ఇంటియొద్ద నుంచినచో, జీతములో నూటికి 75 వంతులు, ఒక పరిమితికి లోబడి, ప్రభుత్వము యజమానికి ఇచ్చును. తక్కినది యజమాని చేర్చి పూర్తి జీతము చెల్లించును. ఉద్యోగి తన హక్కుసెలవులలో ఐదు దినములు వదలుకొనును. మూడు పక్షములును తలకొంత ఇచ్చినవి. డెన్మార్కు మన హైదరాబాదు నగరముకంటె తక్కువ జనులున్న సంపన్నదేశము గావున దాని ఖజానాతో మనదానిని పోల్చుట తగదు. కాని ఉత్తర్వుకు ముందుగనే మూడు పక్షములును కూర్చుండినవను విషయము ఖజానాకు సంబంధించినది కాదు.

1947 నాటి చట్టమునకు బదులు, పార్లమెంటు 2020లో ఆమోదించిన పారిశ్రామిక సంబంధముల కోడ్ 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చినది. సగము వేతనపు నియమము క్రొత్తదానిలోను నిలిచినది. పెద్ద కర్మాగారములు లే-ఆఫ్‌నకు ముందు ప్రభుత్వానుమతి పొందవలెనను నియమమును 1976లో మూడువందలమందికి తక్కువ కాకుండ కార్మికులున్న చోట్లకు పెట్టిరి. పిదప ఆ సంఖ్యను నూరునకు దించిరి. ఇప్పుడు మరల మూడువందలు చేసిరి. ఇది సంఘములకు సమ్మతము కాలేదు. యజమానులు దీనిని స్వాగతించిరి.

పాత చట్టములోని లే-ఆఫ్ అధ్యాయము ఫ్యాక్టరీలకు, గనులకు, తోటలకు మాత్రమే వర్తించెను. అందును మస్టరులో పేరున్నవానికే. మేడలు కట్టు తాపీపనివారు, ఇటుకలు మోయువారు, మేస్త్రీ వెంట ఊరు విడిచి వచ్చినవారు దాని నీడలోనికి రాలేదు. 2020లో పని ఆగినపుడు వారికి సగము వేతనమును లెక్కించుటకు ఏ గేటును లేదు. వేలమంది నడచియే ఇండ్లకు బయలుదేరిరి. వలస కార్మికులకై ప్రభుత్వము నడిపిన శ్రామిక్ ప్రత్యేక రైళ్లలో మొదటిది హైదరాబాదు వద్దనున్న లింగంపల్లినుండి జార్ఖండులోని హతియాకు వెళ్లినది. అందులో సుమారు 1,200 మంది ఎక్కిరి. అది తెల్లవారుజామున బయలుదేరిన దినము మే 1, కార్మికదినము.