ముడుమాల్ రాతిపై సప్తర్షులు

పాలమూరు సీమలో, నేటి నారాయణపేట జిల్లా కృష్ణాతీరమున, ముడుమాల్ అను గ్రామము గలదు. అచ్చట 10 మొదలు 14 అడుగుల వఱకు ఎత్తుగల నిలువురాళ్లు సుమారు 80 గలవు. అవి 3,000 ఏండ్లకు పూర్వపువని పరిశోధకుల మతము. హైదరాబాదు విశ్వవిద్యాలయపు ఆచార్య కె. పి. రావుగారు అందొక రాతిపై తొలిచిన చిన్న గుంటలను పరిశీలించి, అవి సప్తర్షి మండలపు ఆకృతియని గుర్తించిరి.

ఆ ఋషుల జన్మవృత్తాంతము వినదగినది. ఏడుగురును ఏకోదరులు కారు. 1869లో ప్రాక్టరను ఆంగ్ల జ్యోతిర్వేత్త వారి గమనములను పోల్చి, పులహ, పులస్త్య, అత్రి, అంగిరస, వసిష్ఠులు ఒకే దిక్కునకు కూడి పోవుచున్నారనియు, కొసలనున్న క్రతువును మరీచియు వేఱుదారి పట్టిరనియు చూపెను. ఆ యైదుగురును ఒకే మేఘమున పుట్టిన నక్షత్రగుచ్ఛము. మనకు సుమారు 80 కాంతివర్షముల దూరమున నున్నది. పెండ్లిలో చూపెడు అరుంధతియు ఆ యింటిదే. వసిష్ఠునితో ఒక్క కడుపున పుట్టినదన్నచో పురోహితులు మాపై కినియుదురేమో!

ఇట్టి గుచ్ఛములే పాలపుంత చరిత్రకు శాసనములు. కాలక్రమమున గుచ్ఛము చెదరిపోవును గాని, పుట్టిననాటి ద్రవ్యము తారలను విడువదు. చెల్కకును రేగడికిని గల భేదమును రైతు చేతితో నెఱిగినట్లు, శాస్త్రజ్ఞులు తారల కాంతిని వర్ణములుగా విడదీసి అందలి ఇనుము, మెగ్నీషియము, బేరియముల పాళ్ల నెఱుగుదురు. ఆదియందు ఉదజని, హీలియము, లవలేశము లిథియము తప్ప వేఱు లేవు. మహాతారలు త్వరితముగ పేలి ఆమ్లజని, మెగ్నీషియములను వెదజల్లినవి. ఇనుములో పెద్దపాలు తెల్ల మరుగుజ్జు తారలు ఆలస్యముగ పేలుటవలన వచ్చినది. బేరియము ముదిసిన యెఱ్ఱ తారల కానుక. కావుననే, పాలపుంత బాల్యమున పుట్టిన హెర్క్యులీసు మండలపు గోళగుచ్ఛమున ఇనుము సూర్యునందలి దానిలో సుమారు ముప్పదవ వంతు మాత్రమే. సప్తర్షి గుచ్ఛమున ఇంచుమించు సూర్యునితో సమానము. కాలమే కాదు, స్థలమును లెక్కకు వచ్చును. పాలపుంత నడుమకు దగ్గరి గుచ్ఛములలో లోహము హెచ్చు, వెలిపొలిమేరలో తక్కువ. ఆరుమళ్ల రెడ్డి, సునేత్రా గిరిధర్, ల్యాంబర్టు గార్లు 2012లో నాలుగు గుచ్ఛములను పరీక్షించి ఈ చరిత్రకు క్రొత్త ఆధారములు సమకూర్చిరి.

ఇక ముడుమాల్ సంగతి. సేద్యమునకు అడ్డమని పెకలింపబడిన రాళ్లు పెక్కులు. మిగిలినవి 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కినవి. జాబితా వచ్చి కావలి కాయదు గదా! పొలములు గల పెద్దలను మేమడుగునది యిది: నాగలికి తగిలిన రాతిని తొలగించుటకు ముందు దానిపై గుంటలున్నవేమో చూచి, పురావస్తు శాఖవారికి కబురంపుడు.