పరులను గూర్చిన మన తీర్పులు

ఒకడు పలికిన నాలుగు మాటలను బట్టియో, చేసిన యొకానొక పనిని బట్టియో వాని స్వభావ మిట్టిదని నిర్ణయించుటలో మనము చూపు తొందర మఱి యే విషయమునందును చూపము. జాబునకు బదులు వ్రాయనివాడు గర్విష్ఠియనియు, చర్చలో గొంతెత్తినవాడు కలహప్రియుడనియు, సభకు ఆలస్యముగా వచ్చినవాడు బాధ్యత యెఱుగనివాడనియు తేల్చివేయుదుమే కాని, వాని యింట నెవరైన జబ్బుపడి యుండవచ్చుననియు, ఎక్కవలసిన బస్సు రాకపోయి యుండవచ్చుననియు తలపము. మనిషి కంటి కగపడును. అతనిని చుట్టుకొనిన పరిస్థితి అగపడదు. అగపడినదానినే సర్వమునకు కారణముగా నెంచుట బుద్ధికి సుకరమైన మార్గము.

ఈ లోపమును శాస్త్రదృష్టితో పరిశీలించినవారిలో, ఆస్ట్రియాలో జన్మించి అమెరికాలో స్థిరపడిన ఫ్రిట్జ్ హైడర్ ముఖ్యుడు. ఒక చేష్టకు కారణము మనిషిలో నున్నదా, పరిస్థితిలో నున్నదా యని సామాన్యజనులు నిర్ణయించుకొను తీరును ఆయన 1958లో వెలువడిన గ్రంథమున విపులముగా చర్చించెను. 1967లో జోన్స్, హారిస్ అను పరిశోధకులు, క్యూబా నాయకుడు ఫిడెల్ కాస్ట్రోను సమర్థించుచు కొన్ని, విమర్శించుచు కొన్నిగా నున్న వ్యాసములను విద్యార్థులచే చదివించి, వ్రాసినవారి నిజాభిప్రాయ మెట్టిదని యడిగిరి. ఏ పక్షమున వ్రాయవలెనో పైవారే విధించిరనియు, వ్రాసినవారికి స్వేచ్ఛ లేదనియు తెలిపినప్పుడు సైతము, చదువరులు వ్యాసములోని వాదమే వారి హృదయగతమని కొంతవఱకు నమ్మిరి. తరువాత 1977లో లీ రాస్ దీనిని మానవుల యూహలలోని మౌలికదోషముగా పేర్కొనెను.

పరిస్థితికి గల బల మెంతటిదో 1973లో డార్లీ, బాట్సన్ అనువారు ప్రకటించిన ప్రయోగమువలన తేటపడును. ప్రిన్స్‌టన్‌లో క్రైస్తవ మతవిద్య నభ్యసించుచున్న విద్యార్థులను ఒక భవనమునుండి మఱియొక భవనమునకు ప్రసంగింప బంపి, త్రోవలో నొక ద్వారము కడ క్రుంగిపడి దగ్గుచు మూలుగుచున్న మనుష్యు నుంచిరి. తొందర లేనివారిలో నూటికి 63 మంది ఏదో యొక విధముగా సాయపడగా, వేళ మించినదని చెప్పి పంపబడినవారిలో నూటికి 10 మంది మాత్రమే సాయపడిరి. ఆపన్ను నాదుకొనిన మంచి సమరయుని కథను గూర్చియే ప్రసంగింప బోవుచున్నవారు సైతము ఈ విషయమున చెప్పుకొనదగినంత భిన్నముగా ప్రవర్తింపలేదు. అట్లు సాగిపోయినవారిని చూచినచో మనము కఠినహృదయులని నిందించి యుండెడివారము. వారి కాళ్లను తరిమినది మాత్రము గడియారము.

ముఖాముఖి చూపునకే ఇట్టి ప్రమాదము కలదన్నచో, కంఠస్వరమును, చిరునవ్వును, కనుచూపును కోల్పోయి కాగితముపైననో, ఫోను తెరపైననో నిలిచిన మాటల గతిని వేఱుగ చెప్పనక్కఱలేదు. 2005లో జస్టిన్ క్రూగర్ ప్రభృతులు ప్రచురించిన పరిశోధనలో, తాము ఈమెయిలున వ్రాసినది వ్యంగ్యమో, గంభీరమో చదువరులు నూటికి 78 పర్యాయములు గ్రహింతురని వ్రాసినవారు నమ్మిరి. నిజముగా గ్రహించినది 56 పర్యాయములు మాత్రమే. నాణె మెగురవేసి చెప్పినను సగము సరియగును గదా! వ్రాయువాడు తన స్వరమును తన చెవులతో వినుచు వ్రాయును. ఆ స్వరము చదువువానికి చేరదు. పుట్టిన పొరపాటునకు ఇరువురును ఎదుటివాని గుణమునే నిందింతురు.

అయినను నిరాశకు తావు లేదు. 1984లో జోన్ మిల్లర్ అను పరిశోధకురాలు, షికాగోలోని అమెరికనులను, మైసూరులోని హిందువులను, ఎనిమిదేండ్ల పిల్లలు మొదలు పెద్దలవఱకు, తమ యెఱుకలోని వారు చేసిన మంచిచెడ్డ పనులకు కారణములు చెప్పుమని యడుగగా, అమెరికను పెద్దలు స్వభావమును, మైసూరు పెద్దలు సందర్భమును ఎక్కువగా పేర్కొనిరి. చిన్నపిల్లలలో స్వల్పముగా నున్న యీ భేదము వయసుతో హెచ్చినది. పరులను చూచు చూపు పెంపకమున నేర్చునదని దీనివలన స్పష్టము, నేర్చినదానిని దిద్దుకొనవచ్చును.

పరిస్థితి యొక కారణమైనంతమాత్రమున ప్రతి తప్పును మన్నింపవలెనని నా మతము కాదు, అపకారము అపకారమే. కాని పనిని తప్పనుట వేఱు, ఆ యొక్క పనిని బట్టి మనిషినే చెడ్డవాడనుట వేఱు. మొదటిదానికి సాక్ష్యము మన యెదుటనే యున్నది. రెండవదానికి అతని కష్టసుఖములను, వెనుకటి నడవడిని ఎఱిగి యుండవలెను. అట్టి యెఱుక లేనప్పుడు తీర్పును నిలిపి, ఆ మాటకు మీ భావ మేమని అతనినే యడుగుట ధర్మము.