పళ్లెములో కూరగాయల వంతు

పాల్కురికి సోమనాథుని పేరుతో ప్రసిద్ధి కెక్కిన పాలకుర్తి పూర్వము వరంగల్లు జిల్లాలోనిది. 2016 నుండి జనగామ జిల్లాలో చేరినది. ఆ ఊరిలోనైనను, మన యే ఊరిలోనైనను పళ్లెమును పరికింపుడు: అన్నము రాశిగా నుండును, కూర దానిని కలుపుకొనుటకు మాత్రమే చాలును.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన సూచనల ననుసరించి, దినమునకు 2000 కేలరీల ఆహారము తీసికొనువారికి ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు కావలెను. ఇది వండకముందటి తూకము.

ఇంత కొనగలమా యని సందేహింప నక్కరలేదు. పెరటి మునగాకు, చెలకలో తానై మొలచు గంగవాయిలి కూర, పుంటికూర, తోటకూర మనకు సులభములే. జామ, బొప్పాయి, సీతాఫలము, రేగుపండు ఖరీదైన పండ్లకు తీసిపోవు. ఆకుకూరలోని ఇనుమును దేహము సులభముగా గ్రహింపదు. నిమ్మరసమో, జామపండో తోడైనచో ఎక్కువగా గ్రహించును. ఆకును తరిగిన పిదప కడిగినను, ఉడికిన నీటిని పారబోసినను కొన్ని విటమినులు నీటి పాలగును.

ఇక ముఖ్యమైన మాట. అందరికిని వడ్డించి కడపట కూర్చుండు ఇల్లాలికి గిన్నె అడుగున మిగులున దెంత? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన దేశమున 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కలదని తేలినది. దీనికి కారణములు పెక్కు గలవు. చాలని ఆహారము వానిలో నొకటి. కావున నేటి రాత్రి కూర దింపినంతనే ఆమె వంతును ముందుగా తీసి యుంచుడు.