విద్యుత్ పంపిణీ స్వయంచాలనం
విద్యుత్ పంపిణీ స్వయంచాలనం అనగా సబ్‌స్టేషన్లను, 11 కిలోవోల్టుల ఫీడర్లను నియంత్రణ కేంద్రం నుండి గమనిస్తూ, వాటి స్విచ్‌లను దూరం నుండే నడిపే విధానం. దీనిని డిస్ట్రిబ్యూషన్ ఆటోమేషన్ అని కూడా అంటారు. పూర్వపు ఉభయ గోదావరి జిల్లాలలో విద్యుత్ పంపిణీ బాధ్యత 2000లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థది.

గోదావరి డెల్టాలో గాలివానకు కొబ్బరిచెట్టు తీగలపై పడితే సబ్‌స్టేషన్‌లో బ్రేకరు తెరచుకొని, ఫీడరు మొత్తానికి సరఫరా నిలిచిపోతుంది. సాధారణ పద్ధతిలో లైన్‌మన్ స్తంభాల వెంట తిరిగి లోపాన్ని వెదకవలసి ఉంటుంది. ఈలోగా భీమవరం ప్రాంతపు రొయ్యల చెరువులలో ఏరేటర్లు ఆగి, నీటిలో ప్రాణవాయువు తగ్గి రొయ్యలు చనిపోయే ప్రమాదమున్నది. స్వయంచాలిత ఫీడరులో లోప సూచికలు దెబ్బతిన్న భాగాన్ని తెలుపుతాయి. ఆ భాగాన్ని స్విచ్‌ల ద్వారా వేరుచేసి, దాని ఆవలి గ్రామాలకు, సామర్థ్యమున్నచో, పొరుగు ఫీడరు నుండి విద్యుత్తును మళ్ళిస్తారు. అయితే తెగిన తీగను కలుపవలసినది మాత్రం లైన్‌మనే.