అమ్మకూ సెలవులే

ఎండాకాలం వచ్చింది. బడికి సెలవులు ఇచ్చారు. పిల్లలు ఇంట్లోనే ఉంటారు. మరి అమ్మకు సెలవు ఏది? నీళ్లు మోయాలి, వంట చేయాలి. ఇంటిల్లిపాదీ తలా ఒక పని అందుకుంటే అమ్మకూ ఒక గంట దొరుకుతుంది.

మధ్యాహ్నం వేపచెట్టు నీడలో అష్టాచెమ్మా ఆడొచ్చు. నేల మీద సుద్దతో గళ్లు గీయాలి. అడ్డం 5, నిలువు 5. మొత్తం 25 గళ్లు. నాలుగు గవ్వలు చాలు. గవ్వలు లేవా? చింతగింజలను ఒక పక్క అరగదీస్తే సరి. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, అంటే 4. నాలుగూ బోర్లా పడితే అష్ట, అంటే 8. పిల్లలకు లెక్కలు ఆటలోనే వస్తాయి. ఇక అత్తా కోడలూ పోటీకి కూర్చుంటే చూడాలి, నవ్వు ఆగదు!

పొద్దున్నే అందరూ తాటితోపుకు వెళ్లి లేత ముంజలు తినొచ్చు. ఎండ ముదరకముందే ఇల్లు చేరాలి. తలకు తువ్వాలు చుట్టుకోవాలి. ఉప్పేసిన మజ్జిగ వెంట ఉంటే మంచిది.

చెరువు దగ్గర మాత్రం జాగ్రత్త. నీళ్లు మోకాలి లోతే అనిపిస్తాయి. కానీ మట్టి తవ్విన గుంతలు అడుగున ఉంటాయి. పిల్లల్ని ఒంటరిగా దిగనివ్వొద్దు. ఎవరైనా మునుగుతుంటే వెంటనే దూకొద్దు. కేకేసి జనాన్ని పిలవాలి. ఒడ్డునుంచే పొడవాటి కర్రో, చీరో అందించాలి.

ఎండదెబ్బ తగిలితే ఒళ్లు కాలిపోతుంది, మాట తడబడుతుంది. మనిషిని నీడకు చేర్చాలి. తడిగుడ్డతో ఒళ్లంతా తుడిచి విసరాలి. స్పృహ లేకపోతే నోట్లో నీళ్లు పోయకూడదు. వెంటనే 108కి ఫోను చేయాలి.